పాలకు పరీక్ష

పాలవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి, మూలికల వైద్యులవారు రోజూలాగే పాలలో లాక్టోమీటరు ముంచి, కళ్లజోడు సవరించుకుని చూశారు.

“ఈ రోజుల్లో ఏదీ పరీక్షించకుండా నోట్లో పెట్టుకోకూడదయ్యా!”

“నిజమేనండి. మా ఆవిడ షుగరు బిళ్లలు మానేసి మీ చూర్ణమే వాడుతోంది. నిన్న కళ్లు తిరిగి పడిపోయింది. ఆ చూర్ణాన్ని ఎవరైనా పరీక్షించారాండీ?”

శీలాన్ని శంకించినట్టు వైద్యులవారి మనసు చివుక్కుమంది.

“మా తాతల నాటి మందుకు పరీక్షా? నమ్మకం ఉండాలయ్యా, నమ్మకం!”

“మా పాడీ తాతల నాటిదేనండి. మరి మా పాలనూ నమ్మొచ్చుగా?”

“భలేవాడివే!” వైద్యులవారు లాక్టోమీటరును కడిగి, తుడిచి, భద్రంగా పెట్టెలో పెట్టారు. “ఈ పాలు తాగేది నా మనవడయ్యా!”