ససేమిరా

“దిగమ్మా,” అన్నాడు పరీక్షాధికారి.

శిక్షణకొచ్చిన ఆ అమ్మాయి సీట్లోంచి కదల్లేదు.

విమానం కూలిపోయే వేళ పైలట్‌ను తనతో సహా బయటికి విసిరేసే సీటు అది. విసిరే ముందు పట్టీలు వాటంతటవే బిగిసి, భుజాల్ని వెనక్కి, కాళ్లను లోపలికి లాగి, వెన్నును నిటారుగా నిలపాలి.

ఆమె చిన్న భుజం మీంచి పట్టీ జారిపోయింది.

“ఇంకోసారి చూడండి సార్.”

“ఎన్నిసార్లు చూసినా అంతే. దీంట్లో ఎగిరితే మెడ విరుగుతుంది.”

“విరిగితే నా మెడే కదా సార్.”

“అందుకే ససేమిరా అంటున్నా.”

వెనకాల అందరూ ఆయన్ని పిలుచుకునే పేరు కూడా అదే.

ఆమె సెల్యూట్ అయినా చేయకుండా బయటికొచ్చేసింది.

“ఆయనకి ఆడపిల్లలంటే గిట్టదే,” అంది స్నేహితురాలు. “ఆఫీసు ఉద్యోగం ఇస్తామంటున్నారుగా, తీసుకో.”

“చచ్చినా తీసుకోను. భుజాలు పెంచుకుని మళ్లీ వస్తా.”

అన్నంత పనీ చేసింది. పొద్దున్నే బరువులెత్తేది, సాయంత్రాలు ఈదేది. ఆమె తిండి చూసి, “అది పొట్టా, చెరువా?” అని తల్లి నవ్వేది.

మరుసటి ఏడు పట్టీ ఆమెను పట్టుకుంది. పరీక్షించింది మాత్రం వేరే అధికారి.

‘ఆ ససేమిరా ఉండుంటే కళ్లారా చూసేవాడు,’ అనుకుంది కసిగా.

పైలట్ అయ్యాక ఒక మధ్యాహ్నం, పక్షుల గుంపు ఇంజన్‌లో పడింది. కింద ఊరు. విమానాన్ని ఊరు దాటించేదాకా ఆమె పట్టు వదల్లేదు. ముందుకు వంగిపోయి ఉండగానే సీటును బయటికి విసిరే పిడి లాగింది. సర్దుకు కూర్చునే వ్యవధి లేదు.

పట్టీలే ఒక్క గుంజు గుంజి ఆమె వీపును సీటుకు అదిమిపెట్టాయి.

దున్నిన చేలో దిగి, తన కాళ్ల మీద తానే నడిచొచ్చింది.

ఆ పట్టీ చేసినవాళ్లను చూడాలని సీట్ల కార్ఖానాకి వెళ్లింది.

“చేసినాయన పోయిన నెలే పోయాడమ్మా, గుండెపోటు,” అంది పెద్ద ఇంజనీరు. “చిన్న భుజాలకు పట్టీ నిలవాలని తిండీ నిద్రా మానేశాడు. ‘ఆ పిల్ల తిరిగొచ్చేలోగా అయిపోవాలి’ అనేవాడు.”

“చిన్న భుజాలకా? నేను భుజాలు పెంచానండీ.”

ఇంజనీరు మెల్లగా నవ్వింది. “కండ పెరుగుతుంది గానీ ఎముక పెరగదు తల్లీ. మారింది పట్టీ.”

ఆమె తన భుజాన్ని తడుముకుంది.

“ఎవరండీ ఆయన?”

“నిన్ను సీట్లోంచి దింపేసినాయనే. ఆ సాయంత్రమే అధికారి ఉద్యోగం వదిలేసి, ‘లోపం పిల్లలో లేదు, సీటులో ఉంది’ అంటూ వచ్చి మా దగ్గర చేరాడు.”