వంకర జేబు

“జేబు తిన్నగా ఉందేంటమ్మా?”

కూతురు ఒక చెయ్యి కోటులో దూర్చి, రెండోది బయటే ఉంచి అలాగే నిలబడిపోయింది. పోటీకి ఇంకా పావుగంటే ఉంది. ఆ పెద్ద గది నిండా గోధుమరంగు పొడుగు కోట్లవాళ్లే. అందరి ఎడమ జేబూ ఒక పక్కకి వాలి ఉంది.

“పొద్దున నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు విప్పి సరిచేశాను,” అంది తల్లి. “పదిమందిలోకి వెళ్తున్నావు. వంకర జేబుతో ఎలా పంపను?”

“ఆ వంకర కోసమే కదమ్మా ఇంత దూరం వచ్చాం.”

నిజమే. చుక్కల మధ్య తిరుగుతూ ఉత్తరాలు పంచే టపావాడి సీరియల్ అంటే ఆ పిల్లకి ప్రాణం. సీరియల్‌కీ తనకీ ఒకటే ఈడు, ఇరవై రెండేళ్లు. ఆ పిచ్చితోనే పరాయి భాష నేర్చుకుంది. కళ్లద్దాల దుకాణంలో మూడేళ్లు పనిచేసి, ఒక్క సెలవూ వాడుకోకుండా డబ్బు దాచుకుని, అభిమానులంతా ఏడాదికోసారి కలిసే ఈ పరాయిదేశపు మహానగరానికి విమానమెక్కింది. విమానంలో ఎవరి కాళ్లయినా నేలమీద ఉండవు గానీ, ఆమెకి దిగాక కూడా అదే వరస. టపావాడి కోటుకి అచ్చు నకలు తెచ్చి పోటీలో గెలిచినవాళ్లు, అతను తొడుక్కున్న అసలు కోటు వేసుకుని వేదిక మీద నాలుగడుగులు నడవచ్చు. ఆ నాలుగడుగుల కోసమే ఈ తిప్పలన్నీ. కోటు కుట్టిన పాపానికి తల్లిని కూడా లాక్కొచ్చింది.

ఆ జేబు విషయంలో అభిమానులు రెండు వర్గాలు. ఎవరికీ అందని ఆఖరి ఉత్తరం జారిపోకుండా గుండె వైపు వాలాలని, పెద్దపెద్దవాళ్లు ఆరునెలలు తల బద్దలుకొట్టుకుని గీశారని మొదటి వర్గం నమ్మకం. కాదు, అసలు ఆ కోటునే పేవ్‌మెంటు మీద డ్యామేజీ బట్టల కుప్పలో ఏరి కొన్నారని రెండోవాళ్ల వాదన. ఈ రెండోవాళ్లని ఎవరూ పక్కన కూర్చోనివ్వరు. కూతురు మొదటి వర్గంలో మొదటి వరస మనిషి. నిన్న జేబు మీద గంటన్నర ఉపన్యాసం విని కళ్లు తుడుచుకుంది. భాష రాని తల్లి మాత్రం తెరమీద ఇంటంత జేబుని కన్నార్పకుండా చూస్తూ కూర్చుంది.

తల్లికి ఆ జేబంటే మొదట్నుంచీ పడదు. ఫొటో చూపించిన రోజునే చాలాసేపు చూసి, ఎవరో కళ్లు మూసుకుని కుట్టారని తిరిగిచ్చేసింది. అలా అనే హక్కు ఆవిడకుంది. పెళ్లైన కొత్తలో, విదేశాలకి పంపే రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో పొద్దస్తమానం జేబులే కుట్టిన మనిషి. కూతురు కడుపులో ఉండగా అది మానేసి ఇంట్లోనే మిషను పెట్టుకుంది. ఇన్నేళ్లలో వీధిలో ఎవరూ ఆవిడ కుట్టుకి వంక పెట్టలేదు.

కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. తల్లి ఆ ముఖం చూసి నిట్టూర్చింది.

“ఏడవకు. ఇటివ్వు.”

సూదీ దారం లేకుండా గడప దాటే అలవాటు ఆవిడకి లేదు. కుట్లన్నీ చకచకా తెంపేసింది. కూతురు కంగారుగా ఫోనులో ఫొటో వెతుకుతుంటే అక్కర్లేదంది. టేపు పెట్టలేదు, సుద్దగీత గీయలేదు. జేబుని రెండు వేళ్లతో పట్టుకుని, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, కుట్టడం మొదలుపెట్టింది. చివరికొచ్చాక దారం మార్చింది.

“పచ్చదారమేంటమ్మా?”

“లోపలివైపేలే. ఎవరికి కనిపిస్తుంది?”

అప్పటికే పేర్లు పిలుస్తున్నారు. కూతురు కోటు తొడుక్కుంటూ పరిగెత్తింది.

జడ్జి ఒక ముసలావిడ. సీరియల్ మొదలైన రోజు నుంచీ టపావాడి దుస్తులు చూసేది ఆవిడే. బల్లమీద అసలు కోటు పరిచి, పోటీకొచ్చిన ఒక్కో కోటునీ దాని పక్కన పెట్టి చూస్తోంది. ఒకరి జేబు వేలెడు పైకుంది, ఇంకొకరిది మరీ వాలిపోయింది. కూతురి వంతు వచ్చింది. ముసలావిడ జేబుకి జేబు ఆనించి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. వంపుకి వంపు సరిపోయింది. తర్వాత రెండు జేబుల్నీ తిరగేసి, లోపలి కుట్టుని వేలితో తడిమింది.

కూతురి పేరు పిలిచేసరికి హాలంతా ఈలలు. అసలు కోటు తొడుక్కుని ఆ పిల్ల నాలుగడుగులు కాదు, నలభై అడుగులు వేసింది. దింపేవాళ్లెవరూ లేక వేదిక ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంది. కింద నిలబడి తల్లి చప్పట్లు కొడుతూ, చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ, మళ్లీ చప్పట్లు కొట్టింది. తనకింత సంతోషం ఎప్పుడు కలిగిందో ఆవిడకే గుర్తులేదు.

ముసలావిడ ఆవిణ్ణి కూడా వేదిక మీదికి పిలిపించి, చెయ్యి పట్టుకుని ఏదో గబగబా అడిగింది. మైకు ముందు పెట్టారు. హాలు చెవులు రిక్కించింది.

“ఆ వంపు సీరియల్ వాళ్లకే మళ్లీ కుదరలేదటమ్మా,” కూతురు తెలుగులో చెప్పింది. “అసలు కోటు జేబు లోపల కూడా సరిగ్గా అక్కడే పచ్చదారం ఉందట. అది ఏ ఫొటోలోనూ లేదు, ఈవిడకి తప్ప ఎవరికీ తెలియదు. నీకెలా తెలిసిందని అడుగుతోంది.”

తల్లి కూతురి ఒంటిమీది కోటు భుజం సర్ది, ఆ వంకర జేబుని అరచేత్తో ఒకసారి నిమిరింది. మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, కూతురి చెవిలో నవ్వుతూ అంది.

“దీనికే నన్ను ఫ్యాక్టరీలోంచి తీసేశారే.”