మజ్జిగ చెంబు

"నోరు తెరువు."

"తెరవను పో."

ఓబన్న పళ్ళు బిగించి మగ్గం గుంట అంచున కూర్చున్నాడు. ఎదురుగా ఆయన పెళ్ళాం ఆంజినమ్మ, చేతిలో ఉడకబెట్టి చల్లార్చిన రబ్బరు గొట్టం. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మొండిఘటాలే. ధర్మవరంలో ఆ వీధి రోజూ ఈ గొడవతోనే నిద్ర లేస్తుంది.

నాలుగు నెలల కిందటి తప్పు ఆంజినమ్మది. పట్టు నూలు ఉడకబెట్టే, తగిలితే కాలే సోడా నీళ్ళు మజ్జిగ చెంబుతో ముంచింది. సబ్బు కలిసిన ఆ నీళ్ళు అడుగున తెల్లగా కాసిన్ని మిగిలిన సంగతి మరిచి చెంబు గూట్లో పెట్టేసింది. ఎండన పడి వచ్చిన ఓబన్న మజ్జిగనుకుని ఎత్తాడు. ఒక గుటక దిగాక చెంబు కింద పెట్టి, మెడ పట్టుకుని కూలబడ్డాడు.

అనంతపురం ఆసుపత్రిలో దివాకర్ డాక్టరు మొదట అడిగింది ఆ చెంబు గురించే. "తాగిందేమిటో నేను చూడాలి. మిగిలింది తెచ్చావామ్మా?"

"లేదు సార్, చెంబు ఖాళీ" అంది ఆంజినమ్మ, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

గొంతులో పుండు మానింది గానీ లోపల దారి ఇరుకైపోయింది. గంజి తప్ప ఏదీ దిగదు. రోజూ గొట్టం మింగి ఆ దారి సాగదీయాలనీ, లేదంటే అదీ మూసుకుపోయి పొట్టకు కంత పెట్టి గంజి పోయాల్సొస్తుందనీ డాక్టరు చెప్పేశాడు. ఒకటి తెగితే ఇంకొకటి ఉండాలని ఆంజినమ్మ రెండు గొట్టాలు అడిగి తెచ్చుకుంది.

"ఈడ చూడయ్యా" అంది ఆంజినమ్మ. ఓబన్న కూలబడిన పొద్దు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిందని చెప్పే గొంతు ఆమెకింకా బాగుపడలేదు. ఆసుపత్రి గోడ మీది బొమ్మను నేల మీద ముగ్గుపిండితో గీసింది. "ఇది నాలిక. ఇది కొండనాలిక. దీని ఎనక దారి రెండుగా చీలుతాది. ముందరిది గాలిది, ఎనకది కూటిది. తలెత్తితే దగ్గొస్తాది. గడ్డం దించి గుటకెయ్యి, కూటి దారిలోకే పోతాది."

"ముగ్గేసినంత సులువనుకుంటివా?"

"అయితే నేను మింగి చూపిస్తా, ఉండు."

రెండో గొట్టం తీసి, గడ్డం దించి, గుటక మీద గుటక వేసింది. కళ్ళలో నీళ్ళు ధారకట్టాయి. వేళ్ళ మీద అరవై లెక్కపెట్టుకుని మెల్లగా బయటికి లాగింది.

"నీకేంలేమే! మంచి గొంతులో యా గొట్టమైనా దిగుతాది" అన్నాడు ఓబన్న అక్కసుగా.

ఆంజినమ్మ తన గొట్టం కడిగి పెట్టి మళ్ళీ అంది. "నోరు తెరువు."

తెరిచాడు. తెరవక తప్పుతుందా ఆ మనిషితో!

మధ్యాహ్నం ఇద్దరికీ గంజే. అది చూస్తే ఓబన్నకు ఒళ్ళు మండేది. "నువ్వన్నా సంగటి తినే! నాతోపాటు ఎందుకు ఎండుతాండావు?"

"నువ్వు ముద్ద మింగిన పొద్దే నేనూ మింగుతా."

రాగి సంగటి నమిలి తినేది కాదు. ఊరుబిండి పచ్చడిలో అద్ది ముద్దకు ముద్ద మింగాల్సిందే, నమిలితే పక్కింటోళ్ళు కూడా నవ్వుతారు. ఓబన్నకు బతుకంటే ఆ ముద్దే. అది దిగకపోతే తను మనిషినే కానని ఏడ్చిన రోజులున్నాయి. ఏడవనిచ్చి, ముక్కు తుడిచి, గొట్టం అందించేది ఆంజినమ్మ. ఒక్క పొద్దు కూడా నాగా పెట్టలేదు. నెలనెలా డాక్టరు ఇంకొంచెం లావు గొట్టాలు ఇచ్చేవాడు.

ఏడాది తిరిగాక ఇద్దరూ సంగటి మూట కట్టుకుని ఆసుపత్రికి పోయారు. డాక్టరు ఎదుటే ఓబన్న నిమ్మకాయంత ముద్ద చేసి, అద్ది, నోట్లో వేసుకున్నాడు.

"నమలవయ్యా!" అన్నాడు డాక్టరు కంగారుగా.

ఓబన్న మింగేశాడు. ముద్ద దిగిపోయింది. "సంగటి నమిలితే ఇంక మర్యాద యాడుంటాది సార్?" అని పసివాడిలా నవ్వి, పెళ్ళాం వైపు తిరిగాడు. "మే, నీ పంతం నెగ్గింది. ఇంక నువ్వూ మింగు."

ఆంజినమ్మ ముద్ద వేసుకుంది. గడ్డం దించి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని, రెండు గుటకల్లో మెల్లగా దించింది.

"రోజూ ముందర తనే గొట్టం మింగి చూపిస్తాది సార్. మంచి గొంతు కదా, చులాగ్గా దిగుతాది" అన్నాడు ఓబన్న గర్వంగా.

డాక్టరు నవ్వు ఆగిపోయింది. "మంచి గొంతయితే మొదటి రోజే వాంతి తన్నుకొచ్చేది. మొద్దుబారిన గొంతులోనే అలా దిగుతుంది. నోరు తెరువమ్మా."

ఈసారి తెరవనన్నది ఆంజినమ్మ. ఓబన్నే బతిమాలి తెరిపించాడు. డాక్టరు టార్చి వేసి కొండనాలుక వెనకదాకా చూశాడు. అంతా తెల్లటి మచ్చలు.

"ఇవి కాలిన మచ్చలు! ఎప్పుడు కాలిందమ్మా ఇది?"

ఆంజినమ్మ డాక్టరును చూడలేదు. ఓబన్న వైపు తిరిగి, ఆ బొంగురు గొంతుతోనే చెప్పింది.

"ఆ పొద్దు చెంబులో మిగిలింది నేనే తాగినా."