పదమూడుంబావు కిలోలు

"మళ్ళ జోకుతున్నవా?" గరిటె చేతిలో పట్టుకునే వంటింట్లోంచి వచ్చింది రాణి.

ఆకాశ్ చెప్పులు కూడా విప్పలేదు. బియ్యం నింపిన బ్యాగును చేతి కాటాకు తగిలించి ముల్లు వంక చూస్తున్నాడు. "పదమూడే ఉంది. ఇంకో పావుకిలో పడాలె."

"నీతోని గుట్టెక్కే మిగిలినోళ్ళు ఎంత మోస్తున్నరు?"

"ఏడెనిమిది."

"మరి నీకేం రోగం?"

అతను డబ్బాలోంచి ఇంకో రెండు గుప్పిళ్ళు తీసి బ్యాగులో పోశాడు. మూడు నెలలుగా మన్సూరాబాద్‌లోని ఆ ఇంట్లో బియ్యం వండటం కన్నా తూచడమే ఎక్కువైంది.

ఐదేళ్ళ సింధూరకు ఇంకా నడక రాలేదు. ప్రతి గురువారం దిల్‌సుఖ్‌నగర్‌లోని ఫిజియోథెరపీ సెంటరుకు తీసుకెళ్తారు; అక్కడ బరువు చూసి, వ్యాయామాలు చేయిస్తారు. ఆ సెంటరు వాళ్ళే నల్లమలలో రెండు రోజుల కొండనడక పెట్టారు. పైదాకా ఎక్కినవాళ్ళ పేరు మీద దాతలు డబ్బిస్తారు. దాంతో పిల్లలు పట్టుకుని నడక నేర్చుకునే కడ్డీలు కొంటారు. సగంలో దిగొస్తే పైసా రాదు. ఆ కడ్డీలొస్తే తన బిడ్డ కూడా లేచి నిలబడుతుందేమోనని రాణి మొదట్లో సరేనంది. ఇప్పుడు నెత్తి బాదుకుంటోంది.

లిఫ్టులు రిపేరు చేసే మనిషి, లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తు కిరాయికి తీసుకోవడమే ఒక వింత. ఇప్పుడు ఆ మెట్లే అతనికి కొండ. తెల్లారగానే బ్యాగు తగిలించుకుని ఇరవైసార్లు ఎక్కి దిగుతాడు.

"అమ్మాయ్ రాణీ," కింది వాటా కుసుమకుమారి ఆయాసపడుతూ పైకొచ్చి గుమ్మంలోకి పిలిచి మరీ చెప్పింది. "పొద్దున మీ ఆయన మెట్లెక్కుతూ ఆ సంచితో మాట్లాడుతున్నాడమ్మా. 'మెల్లగా పోదాం, భయపడకు' అంటున్నాడు. ఓసారి ఎవరికైనా చూపించరాదూ?"

రాణికి తల కొట్టేసినట్టయింది. "ఆయనకు ఆయనే చెప్పుకుంటడు ఆంటీ."

ఆమె మెట్లు దిగిందో లేదో రాణి మొగుడి మీద విరుచుకుపడింది.

"ఇజ్జత్ తీస్తున్నవ్! పోయిన నెల పిల్లకు వారం దినాలు జ్వరమొచ్చి నేను ఆగమాగమైతుంటే, నువ్వు కూసొని బ్యాగులకెళ్ళి అర్ధకిలో బియ్యం తీస్తుంటివి. యాదికున్నదా?"

"ఉన్నది."

"ఎల్లుండి నువ్వు పోతవ్. రెండు దినాలు దీన్ని ఈ మెట్ల మీద ఎవరు మోయాలె? నా నడుం సంగతి నీకెరికే గద!"

"నీకు మోసే పని పడదు రాణీ."

"అంటే? మీ అమ్మను పిలిచినవా? ఆమెకే మోకాళ్ళ నొప్పులు!"

కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న సింధూర ఇదంతా సినిమాలా చూస్తోంది. "నాన్నా, గుట్ట మీదికెళ్ళి చూస్తే మనిల్లు కనిపిస్తదా?"

"చూద్దాం బిడ్డా."

"పోరికి లేనిపోని ఆశలు పెట్టకు," అంది రాణి. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శుక్రవారం సాయంత్రం రాణి బియ్యానికని మూత తీస్తే డబ్బా అంచుదాకా నిండి ఉంది. బ్యాగులోని బియ్యమంతా తిరిగి అందులోనే పోశాడు. మానుకున్నాడన్నమాట. హమ్మయ్య అనుకుంది. మరుక్షణమే కడ్డీలు గుర్తొచ్చాయి. తన నోటి వల్లే ఆగిపోయాడా?

ఆకాశ్ ఎల్బీనగర్ నుంచి వచ్చాడు. చేతిలో అదే బ్యాగు.

"పోతలేవా?" మెల్లగా అడిగింది.

"ఎందుకు పోను? పొద్దున్నే బస్సు."

రాణి బ్యాగు అందుకుంది. అడుగున, అటూ ఇటూ రెండు పెద్ద కంతలు. అంచులకు మెత్తటి తోలు కుట్టించి ఉంది.

"కొత్త బ్యాగుకు కంతలు కోయించినవా! నీకు మతుండే చేస్తున్నవా?"

"సెంటర్ల డాక్టరమ్మనే కొలతలు రాసిచ్చింది."

"డాక్టరమ్మకు బ్యాగులతోని ఏం పని? దీంట్ల ఏం పెట్టినా కింద పడదా?" బ్యాగును మంచం మీదికి విసిరి వంటింట్లోకి నడిచింది. అన్నం దించుతూ తిడుతోంది, గంజి వారుస్తూ తిడుతోంది. వెనక సింధూర కిలకిల నవ్వింది.

"నీ నాయిన యేషాలు నీకు నవ్వులాటనే..." అంటూ వెనక్కి తిరిగింది.

ఆకాశ్ ఎప్పటిలాగే బ్యాగు వీపుకు తగిలించుకుని, గుమ్మం దాటి మెట్ల వైపు తిరిగాడు.

కంతల్లోంచి సింధూర కాళ్ళు ఊగుతున్నాయి.