నుదుటి పట్టీ

ఇప్పుడు ప్రతి బడిలోనూ పిల్లల నుదుటికి పట్టీ కడుతున్నారు. అది ఎర్రగా వెలిగితే ఏకాగ్రత లోపమని తేల్చి, మర్నాటి నుంచే మాత్ర మొదలుపెడతారు. పట్టీలూ మాత్రలూ ఒకే కంపెనీవి. కూతురు లాస్యకూ మాత్ర రాశారని తెలిసి హైమవతికి మింగుడుపడలేదు. తిన్నగా లాస్య చదివే రెండో తరగతి గదికి వెళ్లింది. పట్టీలన్నీ ఎర్రగా ఉన్నాయి. చివరి బల్ల దగ్గర ఒక పాపది మాత్రమే ఆకుపచ్చగా వెలుగుతోంది.

"ఆ పాప అంత శ్రద్ధగా వింటోందా టీచర్?"

పంతులమ్మ దగ్గరకెళ్లి చూసింది. పాప తల వాల్చి హాయిగా నిద్రపోతోంది.

"నిజంగా ఇబ్బందిపడే పిల్లలుంటారండీ. వాళ్లెవరో డాక్టరు చూసి చెప్పాలి గానీ, ఈ దీపమా?" అంది హైమవతి.

పంతులమ్మ పిల్లలవైపు తిరిగి, "పట్టీలు తీసేయండర్రా, హెడ్మాస్టరుగారికి నేను చెప్పుకుంటాను" అంది.