రెండు నిప్పుల కింద

ప్లాస్టిక్ కరిగించే మా షెడ్డులో ఒళ్లు ఉడికిపోతోంది. ఫ్యాన్లు కావాలి. కొరియా యజమానిని కొరియా భాషలోనే నిలదీస్తానని మా యూనియన్ అన్న శపథం చేశాడు.

"నాలుగు మాటలు బట్టీపడితే చాలదురా, మూలాల్లోకి వెళ్లాలి" అని కొరియా పుస్తకాలూ, ఆ మాటలకు మూలమైన చైనా అక్షరాల నిఘంటువూ ముందేసుకున్నాడు. అతని మిషను వంతులేసుకుని మేమే నడిపాం. ఏడాది తిరిగేసరికి షెడ్డులో వేడి పెరిగింది, అన్నకు అక్షరాలు పెరిగాయి.

ఒకరోజు గోడమీద సుద్దముక్కతో ఒక చైనా అక్షరం గీశాడు.

"ఇదీ శ్రమ! పైన రెండు నిప్పులు, కింద బలం. ఆ బలం ఎవర్రా?"

"మేమే!" అని రేకులు అదిరేలా అరిచాం.

నిన్న అన్న యజమాని గదిలోకి వెళ్లి ఆ అక్షరం గీసి చూపించాడు. "ఈ అక్షరాలు మా పిల్లలకే రావయ్యా" అని యజమాని మురిసిపోయి, అన్నను దుబాసీగా పెట్టుకుని తన పక్కనే కుర్చీ వేయించాడు.

ఇవాళ నేను ఆ గది తలుపు తోశాను. లోపల ఏసీ చల్లగా తగిలింది.

"అన్నా, మరి మన ఫ్యాన్లు?"

అన్న కాగితం మీద అదే అక్షరం గీసి నావైపు తిప్పాడు.

"చూడు తమ్ముడూ, బలం ఉండాల్సింది నిప్పుల కిందే కదా. పెద్దలు ఎప్పుడో రాసిపెట్టారు, మనం మారుస్తామా? ఆ తలుపేసి వెళ్లు, చల్లగాలంతా పోతోంది."