తలుపు వేసుకోండి

ప్లగ్గు పీకేసి, పాత దుప్పట్లో చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేసినా ఆ పెట్టె మాట్లాడింది.

"స్టవ్ మీద ఏదో మాడుతోంది. చూసుకోండి."

ప్రూఫ్ రీడర్ చేతిలోని పుస్తకం జారి కిందపడింది.

వంటింట్లోకి పరుగెత్తాడు. నిజమే. పాలగిన్నె అడుగంటి నల్లగా మాడిపోయింది. స్టవ్ కట్టేసి, బీరువాకి చెవి ఆనించి విన్నాడు. లోపల ఏ చప్పుడూ లేదు.

అతను ఒక వారపత్రికలో అచ్చుతప్పులు దిద్దుతాడు. ఎవరూ చదవని వ్యాసాలు కూడా అక్షరం వదలకుండా చదవక తప్పదు. ఫోన్లు వింటాయనీ, టీవీలు చూస్తాయనీ, అదంతా సర్కారుకి చేరుతుందనీ చదివీ చదివీ బెదిరిపోయాడు. ఆఫీసులో అతని పేరు అనుమానప్పక్షి.

అలా పిలిచి నవ్వినవాళ్ళు కూడా ఈమధ్య నవ్వడం మానేశారు. కంపోజింగ్ చేసే ఆయన ఇంట్లో అన్నం తింటూ మంత్రిగారి మీద ఏదో జోకు వేశాడట. మర్నాడే విచారణకని తీసుకెళ్ళారు. ఇంకా తిరిగి రాలేదు.

మంత్రిగారి మీద జోకులు ప్రూఫ్ రీడర్ కూడా వేశాడు. ఆ పెట్టె ముందే కూర్చుని వేశాడు.

ఆ పెట్టెని అతని కూతురు కొనిచ్చింది. అడిగితే వాన వస్తుందో రాదో చెబుతుంది, పాటలు వేస్తుంది. భార్యకి అదంటే ప్రాణం.

బజారు నుంచి వచ్చిన భార్య సంగతి విని నవ్వింది.

"బీరువాలో ఉన్నదానికి మాడు వాసన ఎలా తగిలిందండీ?"

"నా భయం కూడా అదేనే!"

"మీ భయానికి మందు లేదు. పోయి మీ సినిమా చూసుకోండి."

అతనికి ఉన్న ధైర్యమల్లా ఆ సినిమా ఒక్కటే. కుర్రతనంలో చూసిన పాత సినిమా. ఇప్పటికీ ఆదివారం వస్తే పెట్టుకుంటాడు. చివర్లో హీరోయిన్ గడప దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే, "వెళ్తున్నాను. తలుపు వేసుకోండి," అంటుంది. అక్కడికి వచ్చేసరికి అతని కళ్ళు చెమరుస్తాయి.

"ఆ గొంతు విను. అదీ మనిషి గొంతంటే!" అంటాడు ప్రతిసారీ.

మర్నాడు ఆఫీసుకని మెట్లు దిగుతుంటే, వెనకనుంచి పెట్టె మళ్ళీ మాట్లాడింది.

"మెల్లగా. మెట్టు తడిగా ఉంది."

గిరుక్కున తిరిగాడు. పక్క వాటాలో ఉండే ముసలావిడ! ఎవరితోనూ మాట్లాడదు. పలకరిస్తే తల ఊపి తప్పుకుంటుంది. మాట రాదేమో అనుకునేవాళ్ళందరూ. ఇప్పుడు చేత్తో నోరు మూసుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

మనిషి ముసలిది. గొంతు మాత్రం పడుచుపిల్లది, అచ్చం పెట్టెది.

అతను మెట్టు మీదే ఆగిపోయాడు. పెట్టె మాట్లాడటం లేదన్నమాట. గోడకి అవతల కూర్చుని ఈవిడ మాట్లాడుతోంది. మాట్లాడేది ఈవిడైతే వినేదీ ఈవిడే. జోకులన్నీ విన్నదీ ఈవిడే!

ఆఫీసు మానేసి నేరుగా ఇంటి ఓనరు దగ్గరికి వెళ్ళాడు.

"ఆవిడ సర్కారు మనిషండీ. పెట్టెలోంచి మనల్ని వింటోంది."

"చాల్లెండి, మీరూ మీ అనుమానాలూ."

"నన్ను తీసుకెళ్ళినవాళ్ళు మిమ్మల్ని వదుల్తారా? మా ఇంట్లో కూర్చుని మీరు మాత్రం తక్కువ వాగారా?"

ఓనరు మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అయితే గొడవెందుకు," అన్నాడు గొంతు తగ్గించి. "మా చుట్టాలొస్తున్నారని చెప్పి మర్యాదగా ఖాళీ చెయ్యమంటాను."

ఆ తర్వాత ప్రూఫ్ రీడర్ ఇంట్లో సైగలతోనే కాపురం. ఉప్పు కావాలన్నా కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో అడిగేవాడు. వీధిలో కారు ఆగితే చాలు, చెమటలు పట్టేవి. నిద్ర లేదు, తిండి సయించలేదు.

చివరికి వాకిట్లో సామాన్ల వ్యాను ఆగింది. ముసలావిడ సామాన్లన్నీ ఎక్కించింది. ఓనరు చేతికి తాళంచెవి ఇచ్చి, తన సంచీ కోసం మళ్ళీ పైకి వచ్చింది. ప్రూఫ్ రీడర్ తలుపు ఓరగా తీసి, ఊపిరి బిగపట్టి చూస్తున్నాడు. ఆవిడ సంచీతో తిరిగి వెళ్తూ అతని గడప దగ్గర ఆగింది. వెనక్కి తిరగకుండానే అంది.

"వెళ్తున్నాను. తలుపు వేసుకోండి."

వేసుకున్నాడు. గడియ కూడా పెట్టాడు. హమ్మయ్య అనుకుంటూ తిరిగేసరికి భార్య కొయ్యబారి నిలబడి ఉంది.

"ఏమండీ... అది మీ సినిమాలో మాట కదూ? ఆ గొంతే కదూ?"

అతను గడియ తీసి, మెట్లన్నీ దూకుతూ దిగేసరికి వ్యాను మలుపు తిరిగిపోయింది. గేటు దగ్గర ఓనరు ఒక్కడే ఉన్నాడు.

"పొరబడ్డామండీ," అన్నాడు నేల చూస్తూ. "ఇందాక తాళం ఇస్తూ చెప్పింది. మాట్లాడే పెట్టెలవాళ్ళు ఆవిడ గొంతు రికార్డు చేసి పెట్టెల్లోనూ ఫోన్లలోనూ పెట్టుకున్నారట. అప్పట్నుంచీ బయట నోరు విప్పితే చాలు, జనం ఉలిక్కిపడి జేబులు తడుముకుంటున్నారని మాట్లాడటమే మానేసిందట. ఆవేళ మీ పాలు మాడుతున్న వాసనకి ఆగలేక గోడ అవతల్నుంచి చెప్పింది కూడా ఆవిడేనట. అంతకుముందు సినిమాల్లో, మన భాష రాని హీరోయిన్లకి గొంతు ఇచ్చేదట."

"ఎక్కడికి వెళ్తున్నానంది?"

"చెప్పలేదు. నేనూ అడగలేదు."

ప్రూఫ్ రీడర్ మెట్లెక్కి ఇంట్లోకి వచ్చాడు. ఇన్నేళ్ళుగా ఇష్టపడ్డ గొంతు పక్కింట్లోనే ఉంటే, భయంతో పోల్చుకోలేకపోయాడు. సిగ్గుతో భార్య మొహం చూడలేకపోయాడు.

బీరువా తీశాడు. దుప్పటి విప్పి, పెట్టెకి ప్లగ్గు పెట్టాడు. సినిమా పేరు చెప్పి, మొదటిసారి దాన్ని మర్యాదగా అడిగాడు.

"అందులో హీరోయిన్‌కి గొంతు ఇచ్చింది ఎవరమ్మా?"

"క్షమించండి. ఆ వివరం నా దగ్గర లేదు," అంది ఆవిడ.